తొమ్మిదో రోజు

పిండి చేతులతోనే క్యాలెండర్ మీద గీత పెడతాను.
ఎతెరి ఏమీ అడగదు, లెక్కపెట్టుకుంటుంది.
ఎనిమిది గీతలు.
ఎనిమిది రోజులుగా మా షియో
మరుగుదొడ్డి తలుపు దాకా వెళ్తాడు,
గొళ్ళెం తడుముతాడు,
మునివేళ్ళ మీద తిరిగొస్తాడు.

కుతాయిసిలో మా సందుకి తెల్లవారేది నా పొయ్యితోనే.
మట్టి బావిలాంటి తోనె లోపలికి సగం ఒళ్ళు వంచి
పడవల్లాంటి రొట్టెలు దాని గోడకి చరుస్తాను.
ఆ పడవల కొసలు తప్ప
నా కొడుకు ఇంకేమీ ముట్టడు.
రెండు కొసలు వాడివి, నడుమ మాది.
కొస విరిగితే పస్తు.
కొస మాడితే వీధంతా వినేలా అరుపు.

ఏడేళ్ళకి మూడు మాటలు.
పురి, అంటే రొట్టె.
అరా, అంటే వద్దు.
క్వా, అంటే రాయి.
బల్ల అంచుకి పొట్ట ఆనించి వేలాడుతూ
క్వా, క్వా అంటాడు.
పాపం ముచ్చటపడుతున్నాడని
రియోనీ ఒడ్డున తెల్లవి, నున్ననివి ఏరి తెచ్చాను.
ఒక్కొక్కటే తీసి కింద పడేశాడు.
ఇంకా మంచివి కావాలేమో అనుకుని
మళ్ళీ వెళ్ళాను.

గోధుమే విషం అంది మందుల షాపు నజిబ్రోలా.
పాలు కూడా మానిపించండి అన్నాడు ఆమె అల్లుడు.
ఎవరి మేనల్లుడో మాట్లాడాడట, ఎవరి మనవడో పాడాడట.
ఆశ ఉన్నవాడికి చెవులెక్కువ.
రొట్టెలవాణ్ణి, నా చేత్తో
నా బిడ్డ నోటికాడి కూడు లాగేశాను.
మొక్కజొన్న రొట్టె పెడితే అరా.
బక్‌వీట్ జావ పెడితే అరా.
వాసన ఇంట్లోకి రాకూడదని
పొయ్యి దగ్గరే స్నానం చేసి వచ్చేవాణ్ణి, జనవరిలో.
అయినా ఓ రాత్రి
నా చొక్కా చేతి మడతలో మిగిలిన పిండిని
వాడు నాకుతుంటే చూశాను.
ఇరవై కిలోలు పదిహేడయ్యాయి.
మాటలు మూడే ఉన్నాయి.

ఇక గోడకేసి తల కొట్టుకోవడం మొదలైంది.
ఆటిజం కదా, అంతే, అంది టీచరు.
ఆటిజం కదా, అంది నర్సు.
ఏ తలుపుకైనా అదే తాళంచెవి,
తలుపు మాత్రం తెరుచుకోదు.

తొమ్మిదో రాత్రి ఆసుపత్రిలో
జలుబుతో ముక్కు చీదుకుంటున్న ఓ చిన్న డాక్టరమ్మ
ముందు తన చేతుల్ని చంకల్లో పెట్టి వెచ్చబరుచుకుంది.
వాడు తన మొహం చూడకపోయినా
వాడితోనే చెప్పింది, ఇప్పుడు ముట్టుకుంటాను, అని.
నొక్కింది. ఎడమవైపు, కింద.
ఆగింది.
"ఇక్కడ రాయిలా ఉంది" అంది.

ఎతెరి నా చెయ్యి పట్టుకుంది,
విరిగేంతగా.
ఆర్నెల్లుగా చెబుతున్నాడు.
ఆర్నెల్లుగా నేను నదికి వెళ్తున్నాను.

బేరిపండు రసంలో పొడి కలిపి, పసుపు కప్పులో.
ఆ కప్పులోనే, వేరే కప్పు వద్దు.
మూడో రోజు తెల్లారగట్ల
నాలుగు దుప్పట్లు ఉతుకుతూ ఎతెరి నవ్వింది,
పెళ్ళిలో కూడా అలా నవ్వలేదు.
గోడ దగ్గర చప్పుడు లేదు.
నిశ్శబ్దానికి భయపడి వెళ్ళి చూస్తే
వెల్లకిలా పడుకుని, నోరు తెరుచుకుని నిద్ర.

రక్తపరీక్ష చేసి గోధుమ తప్పు కాదన్నారు.
మాయలేమీ జరగలేదు.
మాటలు ఇప్పటికీ మూడే.
రొట్టె కొసల పక్కన, వేరే పళ్ళెంలో,
రోజూ ఒక ఉడికిన రేగుపండు పెడుతున్నాం.
తినడు. జరుపుతాడు.
మొదట్లో బల్ల చివరిదాకా జరిపేవాడు,
ఈమధ్య జానెడే.

నిన్న కిటికీలో ఉన్న తెల్లరాయి ఒకటి తెచ్చి
నా అరచేతిలో పెట్టాడు.
నా గుండె జారింది.
మోకాళ్ళ మీద కూర్చుని వాడి పొట్ట మీద చెయ్యి వేశాను,
ముందు వెచ్చబరుచుకుని.
క్వా? అని అడిగాను.

రాయినీ నన్నూ మార్చి మార్చి చూసి,
నా వేళ్ళు వాసన చూసి,
"పురి" అన్నాడు.